ఏజెంటు ఎవరి మనిషి?

ఇల్లు చూడ్డానికి బండెక్కే ముందే ఏజెంటును అడగాల్సిన మాట ఒకటుంది: "అన్నా, ఈ ఇంటి మీద నీ బయానా ఏమన్న ఉన్నదా?"

కరీంనగర్‌లో గానీ, మంచిర్యాలలో గానీ, ఆదిలాబాద్‌లో గానీ ఈ మాట అడిగేవాళ్లు తక్కువ. ధర అడుగుతారు, వాస్తు అడుగుతారు, బోరు ఎన్ని ఫీట్లకు పడిందో అడుగుతారు. ఎదురుగా నిలబడ్డ మనిషి ఎవరి పక్షాన మాట్లాడుతున్నాడో మాత్రం అడగరు. నా దృష్టిలో ఇంటి వేటలో మొదట తేల్చుకోవాల్సింది అదే. దానికి వచ్చే జవాబును బట్టి ఆయన చెప్పే మిగతా ప్రతి మాటకూ విలువ మారిపోతుంది.

మన దగ్గర బేరం ఎలా నడుస్తుందో చూడండి. ఒక ఇంటి యజమాని 50 లక్షలు వస్తే చాలన్నాడనుకుందాం. ఒక మధ్యవర్తి ఆయనకు రెండు లక్షలు బయానా, అంటే అడ్వాన్సు ఇచ్చి, మూడు నెలల గడువు రాయించుకుంటాడు. ఆ తర్వాత అదే ఇంటిని మీకు 58 లక్షలని చూపిస్తాడు. రిజిస్ట్రేషన్ యజమాని నుంచి నేరుగా మీ పేరు మీద అవుతుంది. మధ్యలోని ఎనిమిది లక్షలు ఆయనవి. పైగా "సార్, మీరు నాకు ఒక్క పర్సెంట్ ఇయ్యాలె" అని మీ దగ్గర కమీషన్ కూడా తీసుకుంటాడు.

బయానా పెట్టి అమ్ముకోవడం దానికదే తప్పు కాదు. గడువులోపు కొనేవాడు దొరక్కపోతే ఆ రెండు లక్షలు పోతాయి. ఆ నష్టభయం ఆయనదే కాబట్టి లాభం కూడా ఆయన అడగొచ్చు. అయితే అప్పుడు ఆయన అమ్మేవాడే తప్ప మీ తరఫు మనిషి కాదు. అమ్మేవాడికి కొనేవాడు కమీషన్ ఇవ్వడమేమిటి? "రేపు పొద్దుగాల ఇంకొకరు బయానా ఇస్తుండ్రు, ఇయ్యాల్నే తేల్చుండ్రి" అనే తొందర ఎక్కణ్నుంచి పుడుతుందో కూడా ఇప్పుడు అర్థమవుతుంది. చాలాసార్లు ఆ రెండో కొనుగోలుదారు ఉండడు. ఉండేది ఆయన అగ్రిమెంటు గడువు.

మీ ఏజెంటుగా ఒప్పుకున్న మనిషి మీకు చెప్పకుండా తన సొంత బేరం చేసుకుంటే ఏమవుతుందన్నది 1872 నాటి భారత ఒప్పందాల చట్టంలోనే ఉంది. 215వ సెక్షన్ ప్రకారం, ముఖ్యమైన విషయం దాచి ఉంటే గానీ, ఆ బేరం మీకు నష్టం చేసి ఉంటే గానీ మీరు దాన్ని తిరస్కరించవచ్చు. 216 ప్రకారం, మీకు తెలియకుండా ఆయన చేసుకున్న లాభాన్ని మీరే అడిగి తీసుకోవచ్చు. అయితే ఆయన మీ ఏజెంటేనని రుజువు కావాలి. రుజువు చాయ్ హోటల్ ముచ్చట్లలో దొరకదు, కాగితం మీద ఉండాలి.

ఈ తికమక మన ఒక్కరిదే అనుకోకండి. అమెరికాలో చాలాకాలం, తమను కారులో ఎక్కించుకుని ఇళ్లు చూపించే ఏజెంటు తమవాడేనని కొనేవాళ్లు నమ్మేవారు. చట్టం లెక్కలో ఆయన అమ్మేవాడి మనిషి. అక్కడి రియల్టర్ల జాతీయ సంఘం కోర్టు కేసుల్లో రాజీకి వచ్చాక, 2024 ఆగస్టు 17 నుంచి పద్ధతి మారింది. ఇల్లు చూపించకముందే కొనేవాడితో ఏజెంటు రాతపూర్వక ఒప్పందం చేసుకోవాలి, తన కమీషన్ ఎంతో అందులో స్పష్టంగా రాయాలి. డాలస్‌లో ఇల్లు కొంటున్న మన కరీంనగర్ పిల్లలు ఆ కాగితం మీద సంతకం పెట్టాకే ఇల్లు చూస్తున్నారు. అదే పిల్లలు అమ్మానాన్నల కోసం మంకమ్మతోటలో ఇల్లు కొనేటప్పుడు ఫోన్‌లో ఒక్క మాట మీద లక్షలు పంపుతారు.

మనమూ ఒక పేజీ రాసుకోవచ్చు. లాయరు అక్కర్లేదు. ఏజెంటు రాసివ్వాల్సింది ఇది: ఈ ఆస్తిలో నాకు వాటా గానీ, బయానా గానీ, అగ్రిమెంటు గానీ లేదు. నాకు ముట్టేది ఇంత, ఇచ్చేది ఫలానా వారు, రిజిస్ట్రేషన్ అయిన రోజున. అమ్మేవారి దగ్గర కూడా తీసుకుంటుంటే అది ఇంత. ఈ మూడు ముక్కలు, కింద సంతకం, తారీఖు. మంచి మధ్యవర్తి దీనికి ముఖం ముడుచుకోడు. "నా మీద నమ్మకం లేదా?" అని నొచ్చుకునే మనిషితో మర్యాదగానే మాట్లాడండి, "నమ్మకం ఉన్నది కాబట్టే రాసుకుందామంటున్న" అని చెప్పండి. అయినా రాయనంటే ఇంకో ఏజెంటును వెతుక్కోండి.

వెంచర్లలో ప్లాట్లు, అపార్ట్‌మెంట్లలో ఫ్లాట్లు అమ్మే ఏజెంట్ల సంగతి కొంచెం వేరు. 2016 నాటి రెరా చట్టం ప్రకారం, 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 600 గజాలు దాటిన లేఔటైనా, ఎనిమిదికి మించి ఫ్లాట్లున్న ప్రాజెక్టైనా నమోదు కావాలి. దాన్ని అమ్మే ఏజెంటు కూడా నమోదు కావాలి. తెలంగాణ రెరా వెబ్‌సైట్లో ప్రాజెక్టు నంబరు, ఏజెంటు నంబరు రెండూ వెతికి చూసుకోవచ్చు. నంబరు అడిగితే "అప్లై చేసినం, వస్తది" అంటే, వచ్చాకే మాట్లాడదామనండి. పాత ఇల్లు ఒకరి నుంచి ఒకరికి చేతులు మారేటప్పుడు తిరిగే మధ్యవర్తికి ఈ రెరా నమోదు వర్తించదు. అందుకే పాత ఇండ్ల విషయంలో పైన చెప్పిన ఒక్క పేజీకి అంత విలువ.

ప్రకటన చదవడం

హైదరాబాద్‌లో ఇల్లు వెతికే పద్ధతి ఇక్కడ సగమే పనిచేస్తుంది. వెబ్‌సైట్లలో కరీంనగర్ ఇండ్లు కొన్ని కనబడతాయి, ఆదిలాబాద్, నిర్మల్ వైపు పోయేకొద్దీ ఇంకా పలచబడతాయి. అసలు బేరాలు వాట్సాప్ గ్రూపుల్లో, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందు దస్తావేజు లేఖరుల బల్లల దగ్గర, గల్లీ మూల కిరాణా కొట్టులో నడుస్తాయి. కాబట్టి ఫోన్‌ను ధరల అంచనా కోసం వాడండి, ఇల్లు మాత్రం కాళ్లతో వెతకండి. నచ్చిన కాలనీలో సాయంత్రం పూట నడుస్తూ ఇద్దరు ముగ్గురిని "ఇటు ఇల్లేమన్న అమ్మకానికున్నదా?" అని అడిగితే, ఏ ప్రకటనలోనూ లేని ఇల్లు దొరకవచ్చు. వీలుంటే ఆ కాలనీలోనే కొన్నాళ్లు కిరాయికి ఉండి చూడటం అన్నింటికంటే మంచిది.

ఒకే ఇల్లు నాలుగు ప్రకటనల్లో నాలుగు ధరలకు కనబడితే చిరాకు పడకండి, మీకది మేలే. అన్నిటికంటే తక్కువ ధర యజమాని మాటకు దగ్గరగా ఉంటుంది, మిగతావాటిలో ఎవరెవరి లాభమో కలిసి ఉంటుంది. "ఓనర్ డైరెక్ట్" అని రాసిన నంబర్లలోనూ మధ్యవర్తులుంటారు. ఇంటిపన్ను రసీదు ఎవరి పేరున ఉందో అడగండి, తేలిపోతుంది. ఫ్లాటు "1,200 ఎస్‌ఎఫ్‌టీ" అంటే అందులో గోడల లోపల మీరు కాలు పెట్టే జాగ ఎంతో విడిగా అడగండి. రెరా చట్టం కార్పెట్ ఏరియాకు నిర్వచనం ఇచ్చింది, ఆ లెక్కనే చెప్పమనండి. ఇండిపెండెంట్ ఇల్లయితే కాగితంలో ఉన్న గజాలు, మోకా మీద ఉన్న గజాలు రెండూ కావాలి. రోడ్డు వెడల్పులో పోయింది, పక్కింటివాళ్లు జరుపుకున్నది టేపు పట్టి కొలిస్తేనే బయటపడుతుంది. గుంటకు 121 గజాలు, ఎకరానికి 40 గుంటలు అన్న లెక్క నోటికి రావాలి. ఊరి అంచుల్లో గుంటల లెక్కన చెప్పి గజాల లెక్కన అమ్మేటప్పుడు తేడాలు అక్కడే పుడతాయి.

ధర సరైనదో కాదో తెలుసుకోవడానికి చాలామందికి తట్టని దారి ఒకటి ఉంది. మీరు చూసిన ఇంటికే కాదు, ఆ వరుసలో ఈ మధ్య అమ్ముడుపోయిన ఒకటి రెండు ఇండ్లకు కూడా ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయండి. అందులో రిజిస్ట్రేషన్ విలువ కనబడుతుంది. అసలు ఇచ్చిన సొమ్ము అంతకంటే ఎక్కువే ఉండొచ్చు, అయినా కింది గీత ఎక్కడుందో తెలుస్తుంది. ఏజెంటు చెప్పిన ధరకూ దానికీ మధ్య అంతు లేని దూరముంటే ఎందుకో ఆయననే వివరించమనండి.

వాన పడ్డాక ఒకసారి, ఎండలో ఒకసారి

ప్రకటనలో ఎప్పటికీ రాయని విషయం నీళ్లు. 2021 జూలైలో నిర్మల్‌లో జీఎన్‌ఆర్ కాలనీ మునిగింది. మరుసటి ఏడు జూలైలో గోదావరి ఉప్పొంగి రాళ్లవాగు వెనక్కి తన్నడంతో మంచిర్యాల లోతట్టు కాలనీలు నీళ్లలో ఉన్నాయి, మాతాశిశు ఆస్పత్రి నుంచి బాలింతలను, పసిబిడ్డలను తరలించాల్సి వచ్చింది. ఆ వీధుల్లోని ఇండ్ల ఫోటోలు డిసెంబరులో తీస్తే ఎంత ముచ్చటగా ఉంటాయో ఆలోచించండి. ఏజెంటును "వరదొచ్చినప్పుడు నీళ్లు ఎందాక వచ్చినయి?" అని అడగండి, తర్వాత అదే మాట పక్కింటి పెద్దమ్మను అడగండి. రెండు జవాబులూ ఒకటే అయితే ఆ ఏజెంటు నంబరు జాగ్రత్తగా దాచుకోండి. తన నోటితో తానే ఇంటి లోపం చెప్పే మధ్యవర్తి దొరకడం అదృష్టం.

కరీంనగర్‌లో మానేరు వైపు, చెరువులు కుంటల వైపు చూసే జాగలకు ఇదే పరీక్ష. చెరువు నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దులో, దాని బఫర్‌లో జాగ ఉందా అన్నది నీటిపారుదల శాఖ దగ్గర తెలుస్తుంది, కొనేముందే కనుక్కోండి.

ఆదిలాబాద్‌ది వేరే తీరు. అక్కడిది పత్తి పండే నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిచ్చి కుంచించుకుపోతుంది. పునాది సరిగా వేయని ఇల్లు ఏటేటా ఆ మట్టితో పాటు కదులుతుంది. కిటికీ, తలుపు మూలల నుంచి ఏటవాలుగా పోయే పగుళ్లు కనబడితే రంగు వేసి దాచిన ఇంకెన్ని ఉన్నాయో వెతకాలి. ఎండాకాలం చివర్లో ఒకసారి, నాలుగు వానలు పడ్డాక ఒకసారి చూసి, పిల్లర్లు ఎంత లోతుకు పోయాయో కట్టిన మేస్త్రీని అడిగితే బాగుంటుంది. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి వైపయితే ఇల్లు ఉన్న నేల సింగరేణిదా, పట్టా ఏ జీవో కింద వచ్చింది, దాన్ని అమ్ముకునే హక్కు ఉందా అన్నది మొదట తేలాలి.

మిగతా చిన్న పరీక్షలు మీకు తెలిసినవే. నల్లా ఎన్ని గంటలకు వస్తుంది, కోతులు ఎంత బాధిస్తాయి, దారిలో రైలు గేటు ఉంటే అక్కడ ఎంతసేపు ఆగాల్సి వస్తుంది. ఇవి ఏజెంటు లేకుండా ఒంటరిగా వెళ్లిన రోజున చూడండి.

కాగితాలు

ఈ ప్రాంతంలో కాగితాలు చూడటంలో ఒక చిక్కుంది. 2016 అక్టోబరు 11న పాత ఆదిలాబాద్ జిల్లా నాలుగు జిల్లాలైంది, పాత కరీంనగర్ జిల్లా కూడా ముక్కలైంది. అందువల్ల ఇవాళ మంచిర్యాలలో ఉన్న ఇంటి లింకు డాక్యుమెంట్లలో ఆదిలాబాద్ జిల్లా అని ఉంటుంది, జగిత్యాల ఇంటి పత్రాల్లో కరీంనగర్ అని ఉంటుంది. అది తప్పు కాదు. ఇంటి నంబరు మారి ఉంటుంది, ఒకప్పటి పంచాయతీ ఇప్పుడు మున్సిపాలిటీ అయి ఉంటుంది. ఈసీని ఒక్క ఇంటి నంబరుతోనే తీస్తే పాత లావాదేవీలు బయటపడకపోవచ్చు. సర్వే నంబరుతో, ప్లాటు నంబరుతో కూడా తీయించండి.

ఈసీ శుభ్రంగా ఉంటే అంతా శుభ్రమని ఏజెంట్లు చెబుతారు. ఈసీలో కనబడేవి రిజిస్టరైన లావాదేవీలు మాత్రమే. తెల్లకాగితం మీద రాసుకున్న సాదా బైనామా, కోర్టులో నడుస్తున్న దావా, అన్నదమ్ముల నోటి పంపకం అందులో ఉండవు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ తర్వాత తాతల నాటి ఆస్తిలో ఆడబిడ్డలకు కొడుకులతో సమానంగా హక్కుంది. కాబట్టి అమ్మేది ఉమ్మడి ఆస్తి అయితే పెళ్లయి అత్తగారింట్లో ఉన్న అక్కచెల్లెళ్లతో కూడా బయానా కాగితం మీదే సంతకాలు తీసుకోవాలి. "వాళ్లు ఏమనరు సార్" అనే మాట మీద లక్షలు కట్టకండి. పైగా ఆ అక్కచెల్లెళ్లకు న్యాయంగా రావాల్సింది ఎగ్గొట్టే బేరంలో మనం భాగం కాకూడదు.

ప్లాటయితే ఇంకో రెండు. ఆ సర్వే నంబరు రిజిస్ట్రేషన్ శాఖ నిషేధిత జాబితాలో, అంటే 22-ఏలో ఉందేమో చూడండి. అసైన్డ్, దేవాదాయ, వక్ఫ్ భూములు అక్కడ కనబడతాయి. రెండోది లేఔటు. "గ్రామ పంచాయతీ అప్రూవల్" అన్న బోర్డు చూసి కొన్నవాళ్లే తర్వాత 2020 ఎల్‌ఆర్‌ఎస్ (లేఔట్ల క్రమబద్ధీకరణ) దరఖాస్తులతో తిరిగారు. లేఔటు అనుమతి ఇచ్చేటప్పుడు కొన్ని ప్లాట్లను స్థానిక సంస్థ పేర తనఖా పెట్టించుకుంటారు, రోడ్లు డ్రైనేజీ పూర్తయ్యాకే విడిపిస్తారు. మీకు చూపిస్తున్నది ఆ తనఖా ప్లాటేమో నకలు పటంతో సరిచూసుకోండి.

ఇక ఆదిలాబాద్ ఏజెన్సీ గురించి సూటిగా చెప్పాలి. ఉట్నూరు, ఇంద్రవెల్లి, నార్నూరు, జైనూరు లాంటి షెడ్యూల్డ్ ప్రాంతాల్లో 1959 భూబదలాయింపు నిబంధనలు, వాటికి 1970లో చేసిన సవరణ అమల్లో ఉన్నాయి. జనం వన్ ఆఫ్ సెవెంటీ అనేది దాన్నే. ఆదివాసీ నుంచి గిరిజనేతరుడికే కాదు, ఒక గిరిజనేతరుడి నుంచి ఇంకో గిరిజనేతరుడికి ఆస్తి బదలాయించినా అది చెల్లదు. ఈ సవరణను సుప్రీంకోర్టు 1988లో సమర్థించింది. అయినా "నోటరీ మీద రాసిస్తరు సార్, అందరూ అట్లనే కట్టుకుంటుండ్రు" అనే ఏజెంట్లు తారసపడతారు. ఆ నోటరీ కాగితానికి హక్కు కల్పించే శక్తి లేదు. ఆ చట్టం వెనుక గోండులు, కొలాములు భూమి పోగొట్టుకున్న చరిత్ర ఉంది, చట్టం వచ్చాక కూడా 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో పోలీసు కాల్పులకు బలైనవారు ఉన్నారు. అక్కడ జాగ చవకగా దొరుకుతుందని ఎవరన్నా చెబితే, వినే మనిషి అక్కడే లేచి రావాలని నా మాట.

బయానా ఇచ్చే రోజు

కాగితాల జిరాక్సులు చేతికి రాకముందు బయానా ఇవ్వకూడదు. ఇచ్చేటప్పుడు ఏజెంటు చేతికి కాదు, యజమాని ఖాతాలోకి ఇవ్వాలి. ఇల్లు, స్థలం అమ్మకాల్లో 20 వేల రూపాయలు, ఆపైన అడ్వాన్సును నగదుగా తీసుకోకూడదని 2015 జూన్ 1 నుంచి ఆదాయపు పన్ను చట్టం చెబుతోంది. జరిమానా తీసుకున్నవాడికే అయినా, నగదు ఇచ్చినవాడి దగ్గర రుజువు మిగలదు. ప్రాజెక్టులో కొంటున్నట్లయితే, రిజిస్టర్ చేసిన అగ్రిమెంటు లేకుండా బిల్డరు ధరలో పది శాతానికి మించి తీసుకోకూడదని రెరా 13వ సెక్షన్.

బయానా కాగితంలో అందరూ గడువు రాస్తారు, ధర రాస్తారు. రాయనిది ఒకటుంది: హక్కు పత్రాల్లో లోపం తేలితే బయానా మొత్తం ఇన్ని రోజుల్లో వాపసు ఇస్తానని యజమాని మాట. అది లేకపోతే, తప్పు వాళ్లదైనా పంచాయితీల చుట్టూ తిరిగేది మీరు. కాగితం మీద సంతకం యజమాని మీ ఎదుట పెట్టాలి. ఏజెంటు "ఓనర్ ఊళ్లో లేడు, నేనే పెట్టిస్త" అంటే ఆ రోజు బయానా వాయిదా వేయండి. యజమానిని ఒక్కసారి ఎదురుగా కలిస్తే చాలు, "మీకు చేతికి వచ్చేది ఎంత?" అని నెమ్మదిగా అడగొచ్చు. మొదట్లో ఏజెంటును అడిగిన ప్రశ్నకు నిజమైన జవాబు అక్కడ దొరుకుతుంది.

గల్ఫ్‌లో ఉన్న తమ్ముళ్లకు ఇంకో మాట. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ పల్లెల నుంచి దుబాయి, మస్కట్ పోయి సంపాదించిన సొమ్ముతో కొనే ఇండ్లు, జాగలు ఇక్కడ తక్కువేమీ కావు. వీడియో కాల్‌లో ఇల్లు చూసి డబ్బు పంపే పద్ధతి మానుకోండి. మీకు బదులు సంతకం పెట్టే మనిషికి ఇచ్చే పవర్ ఆఫ్ అటార్నీ అక్కడి భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరించాలి. అది ఇండియాకు చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టాలి. ఆ పవర్ ఈ ఒక్క ఆస్తికే, ఈ పనికే అని రాయండి, ఏజెంటు పేర మాత్రం రాయకండి. అమ్మేవాళ్లు "జీపీఏ మీద రాసిస్తం" అంటే ఒప్పుకోవద్దు. జీపీఏ అమ్మకం హక్కు బదలాయించదని 2011లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

రిజిస్ట్రేషన్ ఖర్చు తెలంగాణలో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, ఫీజు అన్నీ కలిపి 7.5 శాతం. ఇది బడ్జెట్‌లో మొదటి రోజే వేసుకోండి. ఏజెంటు చెప్పే ధరలో ఇది ఎప్పుడూ ఉండదు.

కమీషన్ విషయానికొస్తే, మన దగ్గర ఒక్కో వైపు నుంచి ఒకటి రెండు శాతం అడుగుతారు, మాట్లాడుకుంటే తగ్గుతుంది. వేరే మాట అనుకోకపోతే పని పూర్తయ్యేదాకా ఏజెంటుకు ప్రతిఫలం బాకీ పడదని ఒప్పందాల చట్టం 219వ సెక్షన్. కాబట్టి బయానా నాడే సగం ఇమ్మంటే ఇవ్వాల్సిన పని లేదు. అలాగే, పని నిజాయితీగా చేసినవాడికి ఇచ్చేటప్పుడు బేరాలు, సాకులు వద్దు. మీతో పది ఇండ్లు తిరిగి, ఒక ఇంటి లోపం తానే చెప్పి వద్దని ఆపిన మనిషికి ఆ ఒక్క శాతం తక్కువే. హద్దులు కొలిపించుకుని, తాళం చెవి చేతికొచ్చి, డాక్యుమెంటు మీద సబ్ రిజిస్ట్రార్ ముద్ర పడిన రోజున మాట్లాడుకున్న సొమ్ము ఆయన ఖాతాలో వేయండి, ముట్టినట్టు రసీదు తీసుకోండి.